సంశయమునకు కొలత

సంశయగ్రస్తుడైనవాడు చెడిపోవునని భగవద్గీత నాల్గవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ హెచ్చరించియున్నాడు. ఈ హెచ్చరిక మన ఇండ్లలో తరచుగా వినబడునదే. పెద్దల మాటకు ఎదురుప్రశ్న వేసిన పిల్లవానికిని, వ్రతవిధానమున ఏదో సందేహమడిగిన కోడలికిని దీనినే వినిపించి నోరు మూయించుట కద్దు. కాని శ్రీభాష్యము గురుముఖమున చదువుకొన్నవారికి వేరొక సంగతి తెలియును. బ్రహ్మసూత్రములలో ఏ అధికరణమును తీసికొన్నను విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము మున్నగు అంగములు అందుండవలెను. సంశయము లేనిచోట అధికరణమే పుట్టదు. బొత్తిగా తెలియని వస్తువును గూర్చి విచారణ సాగదు, నిశ్చయమైపోయిన వస్తువును గూర్చియు సాగదు, సందేహమున్న చోటనే సాగునని నైయాయికుల మతము కూడ. మరి భగవానుడు నిందించిన సంశయమేది? ఆచార్యులు విచారమునకు అంగముగా స్వీకరించిన సంశయమేది? రెండును ఒక్కటే యగుచో శాస్త్రము తన్ను తానే ఖండించుకొన్నట్లగును.

ఈ ప్రశ్నను విచారించుటకు నేనీసారి శాస్త్రగ్రంథముల నుండి గాక, మన కాలమున జీవించిన ఒక తెలుగు గణితవేత్త చరిత్రనుండి ఆరంభింతును. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. లోకమున సి. ఆర్. రావు అను పేరుతో ప్రసిద్ధులు. సంశయమును దాచుట గాని, తరిమివేయుట గాని ఆయన పని కాలేదు; దానిని కొలుచుటయే ఆయన జీవితకార్యమైనది.

రావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన హూవిన హడగళి యను గ్రామమున జన్మించిరి. అది అప్పటి మద్రాసు రాజధానిలోనిది, ఇప్పుడు కర్ణాటకమున ఉన్నది. తండ్రి దొరస్వామినాయుడుగారు పోలీసుశాఖలో ఉద్యోగి, తల్లి లక్ష్మీకాంతమ్మగారు. పదిమంది సంతానములో ఈయన ఎనిమిదవవారు. దేవకీదేవి అష్టమగర్భమున అవతరించిన స్వామిని తలచుకొని రాధాకృష్ణుడని పేరుపెట్టిరి. తండ్రిగారికి బదిలీలైన కొలది చదువు గూడూరులోను, నూజివీడులోను, నందిగామలోను సాగి, ఆయన ఉద్యోగవిరమణ చేసిన పిదప కుటుంబము విశాఖపట్నమున స్థిరపడెను. ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు తల్లి నిద్రలేపి, నూనెదీపము వెలిగించి చదువుకు కూర్చుండబెట్టెడిదట. రావుగారు తమ వార్ధక్యమున రచించిన ఒక గ్రంథమును ఈ సంగతి చెప్పియే ఆ తల్లికి అంకితమిచ్చిరి. ప్రపంచములోని పండితులెందరో చదివిన ఆ గ్రంథము మొదటి పుటలలో ఒక తెలుగు ఇల్లాలి నూనెదీపము వెలుగుచుండుట మనము గర్వింపదగిన విషయము.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున పట్టము పుచ్చుకొన్న పిమ్మట, యుద్ధకాలమున ఉద్యోగము వెదకుకొనుచు ఆయన కలకత్తాకు పోయిరి. పోయిన పని కాలేదు. కాని అక్కడ ప్రశాంతచంద్ర మహలనోబిస్ మహాశయుడు 1931లో స్థాపించిన భారతీయ గణాంక సంస్థను గూర్చి వినుట తటస్థించెను. 1941 జనవరిలో అందు చేరిరి. మహలనోబిస్ తన సంస్థ పక్షమున 1933లో స్థాపించిన పరిశోధనపత్రికకు 'సాంఖ్య' అని పేరుపెట్టెను. (సాంఖ్యమనగానే కపిలమతము తలపునకు వచ్చి పాఠకులు ఉలికిపడనక్కరలేదు, బాదరాయణులు ఖండించిన సాంఖ్యము వేరు, ఇది సంఖ్యలతో పనిగల సాంఖ్యము.) దరిమిలా రావుగారే ఆ పత్రికకు సంపాదకులైరి.

ఇక అసలు కథ. 1943–44 ప్రాంతమున రావుగారు కలకత్తా విశ్వవిద్యాలయమున పాఠము చెప్పుచుండిరి. వయస్సు ఇరువదిమూడు, ఇరువదినాలుగేండ్లు. ఇంగ్లండునందలి ఫిషర్ పండితుడు కనుగొన్న ఒక ఫలితమును ఆనాడు బోధించుచుండగా, దండేకర్ అను విద్యార్థి లేచి యొక సందేహమడిగెను. ఈ దండేకర్ తరువాతి కాలమున గొప్ప ఆర్థికశాస్త్రవేత్త యయ్యెను. అతని సందేహమిది: "మీరు చెప్పిన నియమము పరిశీలనలు లెక్కకు మిక్కిలిగా ఉన్నప్పుడు సరిపోవును. కొద్దిపాటి పరిశీలనలే యున్నప్పుడు అట్టి నియమమేదైన ఉన్నదా?" గురువునొద్ద సమాధానము లేదు. ఆ రాత్రి ఇంటికి పోయి కూర్చుండి, సాధించి, మరునాడు తరగతిలో సమాధానము చెప్పిరి. అది 1945లో కలకత్తా గణితసమాజ పత్రికలో వెలువడిన వ్యాసమునందు భాగమైనది. పది పదునొకండు పుటల వ్యాసము. ఒక శిష్యుని సంశయము, ఒక గురువు రాత్రి జాగరణ. శిష్యుడు నోరు మూసికొని కూర్చున్నచో, ఆ గురువు కోపించి కూర్చుండబెట్టినచో ఏమగునో ఊహింపుడు.

ఆ సమాధానమేమో గణితభాషలో చెప్పుటకు నేను చాలను. చెప్పినను మనలో పలువురకు ప్రయోజనము లేదు. మన శాస్త్రకారులు వాడుకొన్న ఒక న్యాయముతోనే చెప్పెదను. స్థాలీపులాకన్యాయమని యున్నది కదా. కుండలోని ఒక మెతుకును పట్టిచూచి అన్నమంతయు ఉడికినదని చెప్పుట. మన గృహిణులందరు నిత్యము చేయునది ఇదే. అయితే ఆలయపు పోటులో ఒక పెద్ద గంగాళము పొయ్యిమీద ఉన్నదనుకొందము. ఒక్క మెతుకుతో సరిపోవునా? అడుగున ఉడికి, పైన పలుకు ఉండవచ్చును. ఒక మెతుకునకు బదులు పది మెతుకులు, పదింటికి బదులు నూరు, పలుచోట్లనుండి తీసి చూచినకొలది మన అంచనా సత్యమునకు దగ్గరపడును. ఇంతవరకు ప్రతి వంటవానికిని తెలియును. రావుగారు నిరూపించినది దీనికంటె లోతైనది. ఆ మెతుకులలో గంగాళమును గూర్చిన సమాచారము ఎంత ఇమిడియున్నదో దానికొక పరిమాణమున్నది; ఒకవైపునకు మొగ్గని అంచనా ఏదైనను, ఎంతటి నేర్పరి వేసినను, ఆ పరిమాణము నిర్ణయించిన హద్దుకంటె తక్కువ దోషముతో ఉండజాలదు. బుద్ధికుశలత వలన ఆ హద్దును దాటుట అసాధ్యము. దోషము సగమునకు తగ్గవలెనన్నచో రెట్టింపు మెతుకులు చాలవు, సాధారణముగా నాలుగింతలు చూడవలెను.

ఇట్టి హద్దొకటి కలదని తెలిసికొనుట వలన మనకేమి లాభమని అడుగవచ్చును. ఎవడైన పది మెతుకులు చూచి నూరు మెతుకుల నిశ్చయముతో మాటలాడినచో, వాడు తనవద్ద లేనిదానిని ఉన్నదని చెప్పుచున్నాడని ఇక మనము నిర్ధారింపవచ్చును. మాట మీద గౌరవముతోనో, మాటలాడువాని వేషము మీద భక్తితోనో కాదు, లెక్క వేసి.

అదే వ్యాసమున మరి రెండు సంగతులు కలవు. మోటుగా వేసిన అంచనాను తీసికొని, విషయమునకు సంబంధించిన సమాచారమునంతయు నిలుపుకొని తక్కినదానిని తొలగించినచో, వచ్చు అంచనా మొదటిదానికంటె మెరుగే కాని తరుగు కాదని యొకటి. వెన్న కాచి నేయి తీసినట్లు. రెండు సమూహముల మధ్య భేదమును దూరమువలె కొలుచుటకు ఒక జ్యామితిని కల్పించుట మరియొకటి. స్వీడను దేశపు హెరాల్డ్ క్రామేర్ 1946లో ప్రచురించిన గ్రంథమున ఆ హద్దును తానును స్వతంత్రముగా చూపెను. నేయి తీయు విధానమును అమెరికా దేశమున డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో స్వతంత్రముగా కనుగొనెను. అందుచేత క్రామేర్–రావు అసమానత యనియు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతమనియు జంటపేర్లు నిలిచినవి. మూడవదానిని చాలకాలము ఎవ్వరును పట్టించుకొనలేదు. జపానుదేశీయుడగు అమారి మున్నగువారు 1980ల దశకమున దానిని పెంచి యొక శాస్త్రముగా చేసిరి. విత్తనము నాటినవాడు నలువదేండ్లు వేచియుండి నీడను చూచుట అరుదు. రావుగారికి భగవంతుడు ఆ ఆయువునిచ్చెను.

ఆయన పలుకుబడి ఎక్కడెక్కడికి వ్యాపించెనో వివరించుట కష్టము. ఆకాశమున పోవు విమానము దూరమును రాడారు ఎంత సూక్ష్మముగా చెప్పగలదు, కొత్త ఔషధము పనిచేసినదా లేక రోగము తనంతట తానే తగ్గినదా, ఇట్టి ప్రశ్నలు వచ్చిన చోటులనెల్ల ఆయన సూత్రములు ఏదో రూపమున వాడబడుచున్నవి. 1946లో కేంబ్రిడ్జి పండితులు ఆయనను పిలిపించుకొనినది మాత్రము ఎముకల కొరకు. సూడాను దేశమున జెబెల్ మోయా యనుచోట త్రవ్వి తీసిన ప్రాచీన మానవుల అస్థిపంజరములను కొలిచి, వారు ఏ జాతులకు దగ్గరివారో తేల్చవలసియుండెను. పగలు ఎముకలు, తీరికవేళ ఫిషర్‌గారి పర్యవేక్షణమున పరిశోధన. 1948లో అక్కడ డాక్టరు పట్టము. తిరిగివచ్చి కలకత్తాలో ఇంచుమించు మూడు దశాబ్దములు పనిచేసి, 1972లో మహలనోబిస్ మరణించిన పిదప సంస్థ భారమును కూడ వహించి, తరువాత అమెరికాకు పోయి పిట్స్‌బర్గులోను, పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమునను ఆచార్యత్వము నెరపిరి. ఆయనయొద్ద డాక్టరు పట్టము పొందినవారు ఏబదిమందికి పైబడిరి. వారిలో శ్రీనివాస వరదన్‌గారు 2007లో గణితమునకు అత్యున్నతమనదగిన ఆబెల్ బహుమానమును పొందిరి. శిష్యుడు తన్ను మించినచో గురువునకు ఓటమి కాదు, జయమే యని మన పెద్దలమాట.

ఆయన గ్రంథములలో సామాన్యులకును రుచించునది 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్'. తల్లికి అంకితమిచ్చినది ఇదే. గణాంకశాస్త్రమును సత్యమును ఒకేచోట పేరుపెట్టుట సాహసమే. అందులో ఆయన చెప్పిన యొక ఉదంతము మన ఇంటివంటదే కనుక దానిని నా మాటలలో చెప్పుదును.

1947లో దేశవిభజన సమయమున ఢిల్లీనగరమున కల్లోలములు రేగినప్పుడు అల్పసంఖ్యాక వర్గమువారు పెక్కుమంది ఎర్రకోటలో తలదాచుకొనిరి. వారికి భోజనసామగ్రి సమకూర్చు పనిని ప్రభుత్వము కంట్రాక్టరులకు అప్పగించెను. పద్దులు చూడగా ఖర్చు నమ్మశక్యము కాకుండెను. లోపల ఎందరున్నారో ఎవ్వరును ఎరుగరు. పోయి లెక్కించు వీలు లేదు. గణాంకవేత్తలను పిలిచి చెప్పుడనిరి. వారు కోటలోనికి అడుగుపెట్టలేదు. కంట్రాక్టరులు పంపినామన్న బియ్యమెంత, పప్పెంత, ఉప్పెంత అని మాత్రము అడిగిరి. మనిషికి దినమునకు ఇవి ఎంతెంత పట్టునో ముందుగా తెలిసియున్నది. భాగించిచూచిరి. బియ్యపులెక్కకు ఒక జనసంఖ్య, ఉప్పులెక్కకు మరియొక జనసంఖ్య వచ్చెను. ఉప్పు చెప్పిన సంఖ్య చాల చిన్నది. వారు ఉప్పునే నమ్మిరి. ఏలయన బియ్యము ప్రియము, దానిని పెంచి వ్రాసికొన్నచో లాభము. ఉప్పు కారుచౌక, దానిని పెంచి వ్రాసి మూటగట్టుకొనునదేమియు లేదు.

తర్కము చదివినవారికి ఇందు ఆనందము కలుగును. పొగను చూచి నిప్పును ఊహించునట్లు ఇక్కడ ఉప్పును చూచి జనమును ఊహించిరి. బియ్యమును హేతువుగా గైకొన్నచో దానిని లోభమను ఉపాధి అంటియున్నది. అది సోపాధికము, దుష్టహేతువు. ఉప్పు నిరుపాధికము. హేతువు శుద్ధియే అనుమానమునకు ప్రాణమని మేము తర్కసంగ్రహము వల్లించునాడు చెప్పుకొన్నదే, ఆ గణాంకవేత్తలు వీసెలతో మణుగులతో చేసి చూపిరి.

ఇట్లనగానే కొందరు "ఇవన్నియు మన గ్రంథములలో ముందే యున్నవి" అని చంకలు కొట్టుకొందురు. ఆ అలవాటు నాకు నచ్చదు. ఉన్నదానిని ఉన్నంతవరకు చెప్పుటయే గ్రంథమునకు చేయు గౌరవము. మహాభారతమున నలోపాఖ్యానములో ఒక ఘట్టము కలదు. బాహుకుడను పేర సారథియైయున్న నలునితో ఋతుపర్ణుడు విదర్భకు పోవుచు, త్రోవలో ఒక తాండ్రచెట్టును చూచి, దాని రెండు కొమ్మలలో రెండువేల తొంబదియైదు కాయలున్నవని చెప్పెను. నలుడు నమ్మలేదు. రథము నిలిపి, చెట్టు పడగొట్టి లెక్కించెను, సరిపోయెను. ఋతుపర్ణుడు ఎట్లు లెక్కకట్టెనో కథ చెప్పదు. అక్షహృదయమను విద్య తనకు కలదనెను, అంతే. ఆ కాలమున జూదపుటక్షములు తాండ్రకాయలే యనుట గుర్తుంచుకొనదగినది. అశ్వహృదయమును ఇచ్చి నలుడు ఆ విద్యను గ్రహించెను. గ్రహింపగానే ఇన్నాళ్ళు అతనిని పట్టి పీడించిన కలి దేహము విడిచి వెడలిపోయెను.

ఇందు గణాంకశాస్త్రసూత్రములు ఉన్నవని నేననను. కాని కథ నడచిన తీరును చూడుడు. నలుడు చెడినది జూదము వలన, అనగా పాచిక ఎట్లు పడునో తెలియకయే తెలిసినట్లు మీదికి దుమికినందు వలన. విడిపించినదియు పాచికల విద్యయే. ఇంకొక విశేషము: రాజు మాట యని తలయూపక నలుడు దిగి లెక్కించినాడు. ఆ సంశయమును వ్యాసభగవానుడు తప్పుపట్టలేదు. లెక్కించి, సరియని తేలగానే, ఆ విద్య నిమ్మని వేడుకొన్నాడు. సంశయము అతనిని శిష్యునిగా చేసినది.

ఇక మన ఆచార్యుల విషయము. భగవద్రామానుజులు శాస్త్రయోనిత్వాధికరణమున చేసిన విచారమును మన వైష్ణవగృహస్థులు విరివిగా ఎరుగరు, ఎరుగవలసినది. జగత్తు కార్యము, కార్యమునకు కర్త యుండును, కనుక ఈశ్వరుడున్నాడని అనుమానముతో సాధించువారు కలరు. ఈశ్వరుని సాధించుచున్నారు కదా, మనవారే కదా యని రామానుజులు ఊరకుండలేదు. కుండను చేసినవాడొకడు, మేడను కట్టినవాడు మరియొకడు. కార్యత్వము వలన కర్తలు పెక్కుమందియు కావచ్చును, శరీరము గలవారును కావచ్చును. ఆ హేతువు వలన సర్వజ్ఞుడైన అద్వితీయుడు సిద్ధింపడు. ఆయన శాస్త్రైకవేద్యుడని నిర్ణయించిరి. తమకు అత్యంత ప్రియమైన సిద్ధాంతమునకు అనుకూలించునట్లున్న వాదమును కూడ, దాని బలమెంతవరకో అంతవరకే అంగీకరించిరి. ప్రమాణమునకు మించిన నిశ్చయమును ఆ మహనీయులు భగవంతుని కొరకైనను సహింపలేదు. రావుగారి గణితమునకును దీనికిని విషయసామ్యము లేదు. ఒకటి సంఖ్యల ప్రపంచము, ఒకటి పరతత్త్వము. కాని, ఇంత హేతువు వలన ఇంతయే తెలియును, ఇంతకు మించి తెలియదని గీత గీచి నిలుచు నిజాయితీ మాత్రము రెండుచోట్లను ఒక్కటే.

అప్పుడు వచ్చు ఆక్షేపము చిన్నది కాదు. శరణాగతికి మహావిశ్వాసము అంగము కదా. రక్షించునను నమ్మకములో ఆవగింజంత సందేహమున్నను ప్రపత్తి చెడును కదా. మరి సంశయమును కొలుచుచు కూర్చుండువానికి మహావిశ్వాసమెట్లు? నేను చిరకాలము దీనిని తలపోసితిని. నాకు తోచినదిది. మహావిశ్వాసమునకు విషయము భగవంతుని రక్షకత్వము. రేపు వాన పడునా, ఈ మందు పనిచేయునా, ఈ వ్యాజ్యము గెలుతునా అనునవి దానికి విషయములు కావు. అదే శరణాగతిలో కార్పణ్యమను అంగమును కూడ ఆచార్యులు చెప్పిరి. నా జ్ఞానశక్తులు చాలవని ఎరుగుట. తన అజ్ఞానమును ఎంతున్నదో అంత ఒప్పుకొనుట కార్పణ్యమునకు విరోధి యెట్లగును? మనము చేయుచున్నది తారుమారు. ఈ మొక్కు చెల్లింతునా మానుదునా, చెల్లించినచో ఫలించునా యని స్వామి యెడల లెక్కలు వేయుదుము. పొరుగువాని గుణమును గూర్చియు, రాబోవు ధరలను గూర్చియు, ఎన్నికల ఫలితమును గూర్చియు మాత్రము మహావిశ్వాసముతో మాటలాడుదుము.

ఇది మాటల విషయము మాత్రము కాదు, ప్రాణముల విషయము. కొన్నేండ్ల క్రిందట నాకు పరిచితుడైన ఒక గృహస్థు తన ఎనిమిదేండ్ల కుమారుని గూర్చి నాయొద్దకు వచ్చెను. బాలుని గుండెలో పుట్టుకతో రంధ్రమున్నది. వైద్యుడు శస్త్రచికిత్స చేయవలెననెను. తప్పక బాగుపడునా యని అడిగినచో, "ఇటువంటివారు నూరుగురలో తొంబదిమందికి పైగా కోలుకొందురు, నేను చెప్పగలిగినది ఇంతే" అనెనట. ఆ మాటకు తండ్రి మనస్సు విరిగినది. ఇంతలో ఎవడో మంత్రవేత్త యనబడువాడు, మండలము దినములు రక్ష కట్టినచో కత్తి ముట్టకయే నూటికి నూరుపాళ్ళు నయమగునని చేతిలో చేయి వేసి చెప్పినాడు.

"స్వామీ, వైద్యునికే నమ్మకము లేదు. ఈయన నిశ్చయముగా చెప్పుచున్నాడు. నిశ్చయము లేనివాని చేతిలో బిడ్డను పెట్టుట ఎట్లు?" అని అతడు కన్నీరు పెట్టుకొనెను.

"నాయనా, ఆ నిశ్చయమును చెప్పినవాడు ఎందరికి కట్టినాడు, అందరిలో ఎందరు బ్రతికినారు, అడిగితివా?" అంటిని.

"అడుగలేదు స్వామీ."

"వైద్యుడు అడుగకయే చెప్పినాడు గదా. తనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో రెండును నీ ముందు పెట్టినాడు. రెండవవాడు తెలియనిదానిని దాచిపెట్టి తక్కినదే నీకు చూపినాడు. ఎవరిని నమ్మవలెనో నీవే చూచుకొనుము. స్వామికి మ్రొక్కుకొనుము, మ్రొక్కు వైద్యమునకు అడ్డము కాదు."

రావుగారి పుస్తకము నేను చూచియుండనిచో ఇంత సూటిగా చెప్పగలిగియుందునో లేదో. నేను నేర్చిన తర్కములో హేత్వాభాసములు ఐదున్నవి గాని, పదిలో ఒక పాలు తెలియనిదానిని ఏమిచేయవలెనో చెప్పు ప్రకరణము నేనెరిగినంతలో లేదు. మన తర్కము అగ్ని ఉన్నదా లేదా యని అడుగును. పదింట తొమ్మిదిసారులు ఉండుననునప్పుడు ఇల్లు విడిచి పరుగెత్తవలెనా, వద్దా? సంసారమున మనకు ఎదురగు ప్రశ్నలలో హెచ్చు ఈ జాతివే.

గీత యొద్దకు తిరిగి పోవుదము. భగవానుడు నశించునని చెప్పినవానికి ఒక్క సంశయమునే కాక, అజ్ఞానమును అశ్రద్ధను కూడ చేర్చి చెప్పెను. తెలియదు, తెలిసికొనవలెనను శ్రద్ధ లేదు, సంశయము మాత్రము పుష్కలము, వాడు నశించును. అర్జునుని సంశయమును ఆయన నిందింపలేదు. నిందించియుండినచో గీత మొదటి ప్రశ్నతోనే ముగిసియుండెడిది. యోగమునుండి జారినవాని గతియేమని ఆరవ అధ్యాయమున అర్జునుడడిగి, ఈ సంశయమును త్రెంచుటకు నీవు తప్ప వేరొకడు లేడనినప్పుడు, స్వామి ఎంత వాత్సల్యముతో బదులిచ్చెనో చూడుడు. అడుగువాని సంశయము వేరు, అడుగనివాని సంశయము వేరు. నాల్గవ అధ్యాయము చివరనే, సంశయమును జ్ఞానఖడ్గముతో ఛేదించి లెమ్మని ఆజ్ఞ. లెమ్మనినాడు గాని, సర్వము తెలిసినదాక కూర్చుండుమనలేదు.

రావుగారికి మన ప్రభుత్వము 2001లో పద్మవిభూషణ బిరుదమునిచ్చెను. భాగ్యనగరమున హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణములో ఆయన పేర ఒక పరిశోధనసంస్థ 2007లో వెలసినది. 2023లో, నూటరెండేండ్ల వయస్సున, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమానము ఆయనను వరించెను. డెబ్బదియెనిమిదేండ్ల క్రిందటి ఆ చిన్న వ్యాసమును పేర్కొనియే ఇచ్చిరి. ఆ యేడే ఆగస్టు 22వ తేదీన అమెరికాలో పరమపదించిరి. నూటమూడు నిండుటకు నెలదినములైనను కొరత లేదు.

ఆ గృహస్థు కుమారునికి శస్త్రచికిత్స జరిగినది. బాలుడు కోలుకొనెను. మ్రొక్కు చెల్లించుకొనివచ్చి, ప్రసాదము నా చేతిలో పెట్టి, అతడు అడిగెను: "స్వామీ, మా అమ్మ మ్రొక్కు వలన బ్రతికినాడనుచున్నది. మా బావమరది వైద్యము వలననే యనుచున్నాడు. మీకు నిశ్చయముగా తెలియునా?"

వైద్యుని చేతిలో అంతర్యామియై యున్నవాడు స్వామియే గనుక ఆ తగవు మన సిద్ధాంతమున నిలువదని చెప్పితిని. "అది సరే స్వామీ, మ్రొక్కు లేకున్నచో ఏమయ్యెడిదో తెలియునా?" అని మరల అడిగెను.

తెలియదంటిని. ఒక్క బాలుని చూచి ఆ సంగతి చెప్పుట ఎవరికిని శక్యము కాదంటిని. అతడు నవ్వి, బడికి వేళయినదని పిల్లవానిని సైకిలు ముందు కూర్చుండబెట్టుకొని వెళ్ళెను.